పదిహేడో నంబరు

“గిదేంది మేడం, ఇండ్ల నా పేరే లేదు!”

రాయదుర్గం మెట్రో కింద టీకొట్టు దగ్గర నిలబడి సాయిచంద్ హర్షిణి ఇచ్చిన థీసిస్ కాగితాలను తిరగేసి మరగేసి చూస్తున్నాడు. ఐటీ ఆఫీసులకు స్టాఫ్ క్యాబ్ నడిపే అతను, పికప్‌కీ పికప్‌కీ మధ్య దొరికే ఖాళీలో ముప్ఫై సెకన్ల వీడియోలు చేస్తాడు. ఢాకా నుంచి కొలంబో దాకా దక్షిణాసియా షార్ట్ వీడియోల మీద పీహెచ్‌డీ చేస్తున్న హర్షిణికి అతని ఇంటర్వ్యూలే ప్రాణం.

“ఉందండీ. ఇదిగో, పార్టిసిపెంట్ పదిహేడు. అది మీరే.”

“నలభై వేల మంది ఫాలోవర్లు నన్ను పేరు పెట్టి పిలుస్తరు. మీరేమో నంబర్ ఏసిన్రు! నేనేమన్న ఖైదీనా?”

హర్షిణికి నవ్వాగలేదు. “మీ పేరు బయటపడకూడదండీ. రీసెర్చ్ రూలు.”

“పేరు బయటపడాలనే కద మేడం నేను వీడియోలు చేసేది!”

మూడేళ్లుగా చదివిన పుస్తకాల్లో ఈ ముక్క ఎక్కడా కనిపించలేదు. రాసుకుంది. రాసుకుంటూ అతని వైపు, చూడాల్సినదానికంటే రెండు క్షణాలు ఎక్కువే చూసింది.

అతను ఆ చూపును పట్టేశాడు. “సరే, నంబరే ఉండనీయుండ్రి. ఆదివారం చాయ్‌కి వస్తరా? రికార్డర్ లేకుండ.”

హర్షిణి గుండె గంతేసింది. నోరు మాత్రం రూలే చెప్పింది. “స్టడీలో ఉన్నవాళ్లతో సొంత స్నేహాలు కుదరవండీ. థీసిస్ అయ్యేదాకా.”

“ఎప్పుడైతది?”

“ఇంకో రెండేళ్లు.”

అతను గ్లాసు కింద పెట్టి, క్యాబ్ ఎక్కి వెళ్లిపోయాడు.

వారం రోజులు ఫోన్ లేదు. కొత్త వీడియో కూడా లేదు. ఢాకా వాళ్ల వీడియోలు ముందేసుకున్నా ఆమె ధ్యాసంతా పుప్పాలగూడలో ఉండే సాయిచంద్ మీదే. ఆ రూలు పెట్టినవాళ్లను తిట్టుకుంది. చెప్పిన తన నోటిని ఇంకా ఎక్కువ తిట్టుకుంది.

ఎనిమిదో రోజు ఒకటే వాన. ఆమె అదే టీకొట్టు రేకుల కింద నిలబడి ఉండగా క్యాబ్ వచ్చి ఆగింది. తడుస్తూ దిగిన సాయిచంద్, ప్లాస్టిక్ కవర్లోంచి ఒక కాగితం తీశాడు. మొదటి రోజు ఆమె సంతకం చేయించుకుని ఒక కాపీ ఇచ్చిన అంగీకార పత్రం.

“ఐదో పాయింట్ చదువుండ్రి.”

ఆమెకది కంఠతా వచ్చు. పాల్గొన్నవారు ఎప్పుడైనా, కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు.

“తప్పుకుంటున్న.”

“అయ్యో! నా నాలుగో చాప్టరంతా మీరేనండీ!”

“ఫికర్ చెయ్యకుర్రి.” అతను క్యాబ్ వైపు చెయ్యి చూపించాడు. వెనక సీట్లో ఇద్దరు డ్రైవర్లు పళ్లికిలిస్తున్నారు. “స్వామన్న, కుమారన్న. వాళ్లకు నాకన్న ఎక్కువ వ్యూస్. వారం సంది వాళ్లను మీ ఇంటర్వ్యూలకు ఒప్పిస్తనే ఉన్న.”

“అందుకా కనిపించలేదు?” ఆమె ఐదో పాయింట్ మీద వేలు పెట్టింది. “మరి... కారణం?”

“చెప్పనక్కర్లేదని మీరే రాసిన్రు.” నలభై వేల మంది ముందు తడబడనివాడు ఇప్పుడు తడబడ్డాడు. “అయినా చెప్త. రెండేండ్లు ఆగుడు నాతోని కాదు. మీరంటే నాకు మస్తు ఇష్టం.”

ఇరవై పేజీలు పోయాయి. పోతే పోనీ అనుకుంది హర్షిణి. పెన్ను తీసి జాబితాలో పదిహేడును కొట్టేసింది. ఫోన్లో ‘పి 17’ అని ఉన్నచోట ‘సాయిచంద్’ అని రాసి అతనికి చూపించింది.

“పేరొచ్చింది కదా. ఇక చాయ్ చెప్పండి.”

“మేడం, గా పదిహేడు నాకియ్యుండ్రి!” క్యాబ్ అద్దం దించి అరిచాడు స్వామన్న.

“అదెవరికీ ఇవ్వనండీ,” అంది హర్షిణి.