బచేలి గ్రౌండ్‌లో ఎర్ర లైటు

పరుగు!

యేసుపాదం జనాన్ని చీల్చుకుంటూ పోతున్నాడు. భుజంతో తోస్తున్నాడు. మోచేత్తో పొడుస్తున్నాడు. ఎవరి కాలో తొక్కాడు.

“క్యా అంకుల్, అంధే హో?” కళ్ళు కనబడవా అని ఎవడో అరిచాడు.

ఆగలేదు. ఆగితే కొడుకు పోతాడు!

గ్రౌండంతా ఊగుతోంది. డ్రమ్ముల దెబ్బ ఒక్కొక్కటీ పక్కటెముకల్లో మోగుతోంది. రాయపూర్ బ్యాండ్ వాయించి దిగిపోయింది. విశాఖ బ్యాండ్ దిగిపోయింది. ఇప్పుడు స్టేజీ మీద ఉన్నది బచేలి కుర్రాళ్ళు. మధ్యలో గిటార్ పట్టుకుని గంతులేస్తున్నవాడు జయరావు.

యేసుపాదానికి ఒక్కగానొక్క కొడుకు.

ఒంటి మీద ఇంకా గూడ్స్ గార్డు తెల్ల యూనిఫారమే ఉంది. ఖనిజం బండి దిగి ఇంటికి పోతుంటే, ఈ గ్రౌండ్ గేటు దగ్గర హుంగా భార్య సన్నే వచ్చి చెయ్యి పట్టుకుంది.

“గార్డ్ సాబ్! వాడు లోపలున్నడు! నా హుంగాను చంపినోడు!”

“ఎక్కడ?”

“బత్తీల మచాన్ ఎక్కిండు. సంచిల బందూక్ ఉంది!”

“సరిగ్గా చూశావా అమ్మా? వాడేనా?”

“ఏంది సాబ్! నా మొగుని చంపినోడి మొఖం కోర్టుల చూసిన, నేను మరుస్తనా?”

హుంగా లారీ డ్రైవరు. దొంగ ఖనిజం మొయ్యనన్నాడు. కాంట్రాక్టర్ మనిషి ఇనప రాడ్డుతో కొట్టి చంపాడు, ఇప్పుడు బెయిల్ మీద తిరుగుతున్నాడు. అది కళ్ళారా చూసినవాడు ఒక్కడే... జయరావు! రేపు దంతెవాడ కోర్టులో వాడి సాక్ష్యం.

రేపు!

వాడికి రేపంటూ ఉంటే కదా!

గేటు దగ్గర పోలీసుకి చెప్పాడు. పోలీసు చెవి చూపించి, ఏమీ వినబడటం లేదని నవ్వాడు. కొడుక్కి ఫోన్ చేశాడు. మోగింది... మోగింది... స్టేజీ మీద ఉన్నవాడు ఎలా ఎత్తుతాడు?

అందుకే ఈ పరుగు.

తలెత్తి చూశాడు. స్టేజీకి ఎడమ పక్కన, లైట్లు కట్టిన ఇనప మంచె, అదే మచాన్. దాని మీద బోర్లా పడుకున్న నీడ. నీడ ముందు సన్నటి గొట్టం.

జయరావు కుడివైపు గెంతాడు.

గొట్టం కుడివైపు తిరిగింది!

“ప్రభువా!”

ఇంకా ముందుకు తోసుకుపోయాడు. వెదురు కంచె అడ్డొచ్చింది. కంచె దగ్గర సెక్యూరిటీ టోపీ పెట్టుకున్న పైడయ్య. పక్క క్వార్టర్స్ మనిషే. చేతులు చాపి దారి మూసేశాడు.

“ఏటి మావా! మళ్ళీ వచ్చీసేవా?”

“తప్పుకో పైడయ్యా! పైన తుపాకీ...”

“ఏటీ?”

“తుపాకీ! మచాన్ మీద! మా జయరావుని కాల్చడానికి!”

పైడయ్య తలెత్తనైనా లేదు. పకపకా నవ్వాడు.

“బాగుంది మావా! పోయిన క్రిస్మస్‌కి సైతాను పాటలని కరెంటు వైర్లు పీకీసేవు. ఇయ్యేళ తుపాకీ అంటన్నావు. రేపు బాంబంటావా?”

“ఒక్కసారి పైకి చూడరా!”

“సూడడానికేటుంది, లైటింగోళ్ళు గదా. ఆడు సరదాగా పాడుకుంతన్నాడు. ఒగ్గీ మావా!”

యేసుపాదం పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ ఒట్టు వెయ్యలేదు. వెయ్యకూడదని బైబిలు వాక్యం. ఆ వాక్యం తెలిసి తెలిసి తప్పాడు.

“దేవుడి మీద ఒట్టు రా!”

పైడయ్య నవ్వు ఆగింది. నమ్మాడు... నమ్మేశాడనుకున్నాడు!

“ఒట్టు కూడా ఏసీసేవా?” పైడయ్య మొహంలో జాలి. “పాటంటే నీకింత కోపమేటి మావా!”

అంతే. రెండు చేతులూ గుండె మీద పెట్టి వెనక్కి నెట్టాడు.

జనం మింగేసింది.

అరిచాడు. తన అరుపు తనకే వినబడలేదు. స్టేజీ ఇంకా వంద అడుగుల దూరం. మచాన్ అంతకన్నా దూరం. మధ్యలో వేల మంది.

“బచేలీ! లైట్స్ దిఖావో!” మైకులో జయరావు కేక.

వేల ఫోన్లు ఒక్కసారే వెలిగాయి. తెల్లటి లైట్లు. అటూ... ఇటూ... గ్రౌండంతా ఊగుతున్నాయి.

తెల్ల లైటు అడ్డంగా గట్టిగా ఊపితే, రైల్వేలో దాని అర్థం ఒక్కటే. ప్రమాదం... బండి ఆపు! ఇన్ని వేల చేతులు ఆపమంటున్నాయి. ఒక్కడూ ఆగడం లేదు!

‘ప్రభువా, ఈ పాట మాన్పించమని ఏళ్ళ తరబడి నిన్ను అడిగాను. ఒక్కసారీ వినలేదు. ఇవాళైనా వింటావా?’

చెయ్యి నడుము మీదికి పోయింది. బెల్టుకి టార్చి. గార్డు టార్చి. ఎరుపు, తెలుపు, పచ్చ.

ఎరుపు!

జయరావు పుట్టింది రైల్వే క్వార్టర్స్‌లో, నడక నేర్చింది పట్టాల పక్కన. ఎర్ర లైటు కనిపిస్తే ఉన్నచోటనే ఆగాలి. ఎందుకని అడగకూడదు. ఆగాకే అడగాలి. వాడికి అన్నం తినడంతో పాటు నేర్పిన పాఠం అది. వాడు ఆగితే పాట ఆగుతుంది. పాట ఆగితే తన అరుపు వినిపిస్తుంది!

ఎర్ర లైటు తలపైకెత్తి ఊపాడు.

తెల్లటి సముద్రంలో ఒకే ఒక్క ఎర్ర చుక్క.

జయరావు గెంతాడు. ఇంకోసారి గెంతాడు. వాడి చూపు జనం మీదుగా జారిపోయింది... వెనక్కి తిరిగింది.

చూశాడు!

ఆగాడు.

స్టేజీ నడిమధ్యలో. ఫోకస్ లైటు కింద. తీగల మీదికి లేచిన చెయ్యి లేచినట్టే ఉంది. గిటార్ ఆగింది. నాన్న ఎందుకు ఆపాడా అని రాయిలా నిలబడి చూస్తున్నాడు.

“స్తోత్రం ప్రభువా!”

కానీ డ్రమ్ములు ఆగలేదు. జనం ఈలలు ఆగలేదు.

యేసుపాదం మచాన్ వైపు చూశాడు.

గొట్టం కూడా ఆగింది!

ఇందాకటి నుంచి గెంతే కుర్రాడి వెంట అటూ ఇటూ తిరుగుతున్న గొట్టం... ఇప్పుడు నిలకడగా ఉంది.

“కదలరా! జయా! కదలరా అయ్యా!”

వినబడదు. ఎర్ర లైటు వెలుగుతుండగా వాడు కదలడు. అలా పెంచింది తనే!

పచ్చ! పచ్చ వెయ్యాలి!

బొటనవేలు చెమటకి జారింది. తెలుపు వెలిగింది. మళ్ళీ నొక్కాడు. ఎరుపు! ఇంకోసారి...

పచ్చ!

ఢాం!

జయరావు నిలబడ్డ చోటనే కూలాడు. గిటార్ నేలకి తగిలి స్పీకర్లన్నీ ఒక్కసారి ఘొల్లుమన్నాయి.

గ్రౌండంతా చప్పట్లు.

“వన్స్ మోర్!” యేసుపాదం పక్కన ఎవడో గొంతు చించుకున్నాడు.