మొహం తిప్పుకున్న వారం

పొద్దున్నే మంచం దిగిన లాండ్రీ యజమాని పాదం వెచ్చగా, జిగటగా ఉన్నదేనిమీదో పడింది. చూస్తే వాంతి. అందులో ఆయన సాక్సు సగం. పక్కనే, నిన్న కూతురు కుక్కల షెల్టర్ నుంచి తెచ్చిన గజ్జికుక్క, చొంగ కారుస్తూ కూర్చుని ఉంది.

"ఛీ ఛీ! ఏమేవ్! ఈ దరిద్రాన్ని ఇవాళే వెనక్కి పంపించెయ్. సాయంత్రం ఇది నా కంటబడిందో, నేనే ఇల్లొదిలి పోతా!"

"పోదురుగాని, ముందు కాలు కడుక్కోండి," అంది భార్య వంటింట్లోంచి.

నలభై ఏళ్లుగా ఊరందరి మురికీ ఉతికిన మనిషాయన. నెత్తురు, నూనె, పసిపిల్లల మలం, ఏ మరకకు ఏ మందు వెయ్యాలో వాసన చూసి చెప్పేస్తాడు. అలాంటివాడు ఈ కుక్కను చూసి ముక్కు మూసుకున్నాడు. ఊడిన బొచ్చు, పుసికళ్లు, కుళ్లు కంపు కొట్టే నోరు. తమ పాత కుక్క దొరగారు ఇలా ఉండేవాడా? పద్నాలుగేళ్లు ఇంటిని ఏలి నాలుగు నెలల కిందట పోయిన ఆ కుక్కది పట్టులాంటి ఒళ్లు.

కూతురు బకెట్టుతో వచ్చింది. "గజ్జి మందు పడలేదు నాన్నా, అందుకే కక్కింది. నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది."

"దొరగారు పడుకున్న చోట దీన్నెలా కూర్చోబెట్టావే? సిగ్గులేదూ?"

ఆమె తుడుస్తున్న గుడ్డని బకెట్లోకి విసిరింది.

"సిగ్గు గురించి నువ్వు మాట్లాడకు నాన్నా. చివరి వారం వాడు పక్కమీదే అన్నీ పోసుకుంటుంటే నువ్వెక్కడున్నావు? ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గర! నీ అడుగుల చప్పుడు వింటే చాలు, లేవలేకపోయినా తోకాడించేవాడు. నువ్వు మొహం తిప్పుకుని షాపుకెళ్లిపోయేవాడివి. ఇప్పుడొచ్చిందా ప్రేమ?"

"ఊరుకోవే!" అంది తల్లి.

కూతురు అన్నది నిజమే మరి. పరాయివాళ్ల మురికికి పుట్టని రోత, కన్నబిడ్డలా పెంచుకున్నవాడి మీద పుట్టింది. వాడు పోతుంటే చూడలేక పారిపోయి, కంపు భరించలేకనని అందరికీ చెప్పుకున్నాడు. నాలుగు నెలలుగా ఆయనకి అసహ్యం వేస్తున్నది తన మీదే.

ఇంతలో కుక్క మళ్లీ డోకింది. తిడతారనో కొడతారనో మంచం కిందికి దూరబోయింది. కూతురు వంగబోతే, "నువ్వుండు," అన్నాడు. మోకాళ్లమీద కూర్చుని దాని గడ్డం కింద అరచెయ్యి పెట్టాడు. పచ్చటి జిగురు వేళ్ల సందుల్లోంచి కారింది. కంపుకి ఆయనకీ డోకొచ్చింది. అయినా చెయ్యి తియ్యలేదు.

"కక్కెయ్ నాయనా, కక్కెయ్. నేనిక్కడే ఉన్నా."

అది వణుకుతూనే తల ఆయన మోచేతి మీద వాల్చింది. ఆయన ఒక్కసారిగా భోరుమన్నాడు.

"దీన్ని పంపొద్దే అమ్మా. వాడికి ఈ పాటి చెయ్యలేకపోయాను."

కూతురు ఆయన పక్కన కూర్చుని గుడ్డ అందించింది.