రాజుగారి పంటిసందు

రిహార్సల్ మధ్యలో రాజుగారు సింహాసనం మీంచి లేచి "ఎవరక్కడ!" అని గర్జించాలి. లేచారు. కానీ గర్జించలేదు. ఎడమ బుగ్గ పట్టుకుని "అబ్బా!" అన్నారు.

"ఏందిరా లోహిత్? రాజు గిట్లనే అంటడా?" నాటకం నేర్పుతున్న నర్సింహ సార్ దగ్గరికొచ్చారు. "ఏదీ, ఇటు తిరుగు. ఓర్నీ! బుగ్గ బూరె లెక్క ఉబ్బిందేంది!"

ఐదో తరగతి పిల్లలంతా పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మంత్రి. మంత్రి అంటే జ్యోత్స్న. లోహిత్ వాళ్ళ అపార్ట్‌మెంట్‌లోనే, వాళ్ళ కింది ఫ్లాట్‌లో ఉంటుంది.

"ఎల్లుండే స్కూల్ డే. అప్పటికి తగ్గకుంటే జ్యోత్స్న రాజు చేస్తది. దానికి నీ డైలాగులన్నీ వచ్చు," అన్నారు సార్. "ఫికర్ చెయ్యకు. ముందు దవాఖానకు పో."

ఫికర్ చెయ్యకు అంటే ఎలా? అమ్మ రాయదుర్గం ఆఫీసుకి సెలవు పెట్టి మరీ నాటకం చూడ్డానికి వస్తోంది. అట్టముక్కకి బంగారు కాగితం అంటించి కిరీటం చేసింది లోహితే. అది ఇంకొకరి తలమీద! తలుచుకుంటేనే వాడికి ఏడుపొచ్చింది.

ఇంటికెళ్ళగానే అమ్మ ఉమాశ్రీ బుగ్గ చూసి అదిరిపోయింది.

"ఇదేమిట్రా! రోజూ పంటిసందుల్లో దారం పెట్టి ఫ్లాస్ చేస్తున్నావుగా? డబ్బా మీద డబ్బా అవగొడుతున్నావు. అయినా ఈ వాపేమిటి?"

లోహిత్ నేల చూపులు చూశాడు.

ఫ్లాస్ డబ్బాలు అయిపోతున్న మాట నిజమే. ఎక్కడికి పోతున్నాయో మాత్రం అమ్మకి తెలీదు. తెలిస్తే ఊరుకుంటుందా!

చందానగర్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్ ముందుకి కూరగాయల బండి వస్తే, పై ఫ్లోర్ల ఆంటీలెవరూ కిందికి దిగరు. బాల్కనీలోంచి తాడుతో సంచీ దింపుతారు. బండాయన టమాటాలో తోటకూరో వేస్తే పైకి లాక్కుంటారు. అది చూసి లోహిత్‌కీ జ్యోత్స్నకీ మహా సరదా పుట్టింది. మనమూ ఒక సర్వీసు పెడదాం అనుకున్నారు. ఖాళీ ఐస్‌క్రీం కప్పు దొరికింది. మరి తాడు?

బాత్రూమ్ అరలో ఫ్లాస్ కనబడింది. సన్నగా ఉంది, తెగదు, పైగా పుదీనా వాసన!

అంతే. కప్పుకి దారం ముడేస్తే చాలు, పైనుంచి స్టిక్కర్లు కిందికి దిగేవి. కిందినుంచి జ్యోత్స్న వాళ్ళమ్మ చేసిన పల్లీ పట్టి పైకి వచ్చేది. దారం గ్రిల్‌కి చిక్కుకుంటే పారేసి కొత్తది తీసేవాడు. అలా డబ్బాలకి డబ్బాలు ఖాళీ. లోహిత్ పళ్ళకి మాత్రం ఒక్క అంగుళం దారం కూడా తగల్లేదు. పల్లీ పట్టి బాగానే తగిలింది.

సాయంత్రం మార్కెట్ దగ్గరున్న పళ్ళ డాక్టర్ సంధ్య దగ్గరికి వెళ్ళారు.

"మీరు చెప్పినట్టే రోజూ ఫ్లాస్ చేస్తున్నాడండీ," అంది అమ్మ. "ఆ దారమే మంచిది కాదేమో!"

"రోజూ చేస్తున్నా ఇంత వాచిందంటే లోపలేదో గొడవ ఉండాలి," అన్నారు డాక్టర్. "ఎక్స్‌రే తీద్దాం. అవసరమైతే పన్ను తీసెయ్యాల్సి రావచ్చు."

పన్ను తీసేస్తే ఇంక రాజేమిటి, రాజ్యమేమిటి!

"ముందు నువ్వెలా చేస్తావో చూపించు, నాన్నా," అంటూ డాక్టర్ కాస్త దారం తుంచి చేతికిచ్చారు.

లోహిత్ చేతులకి ఆ దారంతో ఒక్కటే పని వచ్చు. ముందుపన్ను చుట్టూ తిప్పాడు. ఒక ముడి వేశాడు. దాని మీద ఇంకో ముడి వేసి గట్టిగా బిగించాడు.

నోట్లోంచి దారం వేలాడుతోంది. డాక్టర్ విప్పబోయారు. రాలేదు. చివరికి చిన్న కత్తెర తెచ్చి కత్తిరించారు.

"ఇంత గట్టి ముడి నాకూ రాదు. ఎక్కడ నేర్చుకున్నావు?"

"పాపం, కంగారుపడ్డాడండీ," అంది అమ్మ, వాడి తల నిమురుతూ. "ఇంట్లో చక్కగా చేసుకుంటాడు."

అమ్మ తిట్టినా బాగుండేది. అలా వెనకేసుకొస్తుంటే లోహిత్‌కి సిగ్గుతో తల తిరిగిపోయింది.

"లేదమ్మా! ఒక్కరోజు కూడా చెయ్యలేదు!" అంటూ భోరుమన్నాడు. బాల్కనీ, కప్పు, స్టిక్కర్లు, పల్లీ పట్టి, అన్నీ ఏడుపుతో కలిసి బయటికొచ్చాయి.

అమ్మ నోరు తెరిచింది. "ఐస్‌క్రీం కప్పా? మా ఆఫీసులో అందరికీ గొప్పగా చెప్పుకున్నానురా నీ గురించి! తాడు కావాలంటే అడగొచ్చుగా, కొనివ్వనా?"

డాక్టర్ నవ్వు ఆపుకోవడానికి మాస్కు పైకి లాక్కున్నారు. తర్వాత కొత్త దారం తీసి రెండు చేతుల నడిమి వేళ్ళకీ చుట్టారు. అద్దం పట్టుకోమన్నారు.

"చూడు. మెల్లగా సందులోకి దింపాలి. పంటిని చుట్టుకునేలా వంచి, పైకీ కిందికీ. అంతే."

వాచిన చోట దారం దిగింది. "ఆ... ఆ..." అన్నాడు లోహిత్. కొంచెం రక్తమొచ్చింది. దాంతోపాటు నల్లబడ్డ పల్లీ పొట్టు ఒకటి బయటపడింది. అబ్బో, ఆ కంపు!

"ఇదెప్పటిది నాయనా?"

"మొన్నటిది... కాదు, అంతకుముందుది," అన్నాడు లోహిత్ ముక్కు మూసుకుని.

"దీనివల్లే నీ చిగురు వాచింది. ఉప్పునీళ్ళు పుక్కిలించు, తగ్గిపోతుంది. ఎక్స్‌రే అక్కర్లేదు. రోజూ నువ్వే ఇలా చేసుకోవాలి మరి."

స్కూల్ డే నాటికి బుగ్గ మామూలుగా అయింది. కిరీటం లోహిత్ తలమీదే కూర్చుంది. తెర వెనకాల జ్యోత్స్న వాళ్ళమ్మ పంపిన పల్లీ పట్టి అందరూ తిన్నారు. రాజుగారూ తిన్నారు. తిని, నడుముకున్న పట్టు గుడ్డలోంచి ఫ్లాస్ డబ్బా తీశారు.

"ఏందిరా, ఇప్పుడా? తెర లేస్తున్నది!" అంది మంత్రి.

"నీ పంట్లో కూడా ఇరుక్కుంది. ఇదిగో, నువ్వూ చెయ్యి," అన్నాడు లోహిత్.

జ్యోత్స్న నాలుకతో తడుముకుని చూసుకుంది. నిజమే. దారం తీసుకుంది.

సర్రున తెర లేచింది. సింహాసనం మీద రాజు, పక్కన మంత్రి, ఇద్దరూ నోళ్ళు బార్లా తెరుచుకుని, వేళ్ళకి దారాలు చుట్టుకుని ఉన్నారు. హాలంతా ఘొల్లుమంది. రెండో వరుసలో అమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"ఇగ చాలు, మొదలుపెట్టరా!" అని పక్కనుంచి నర్సింహ సార్ చేతులూపుతున్నారు.

రాజుగారు మాత్రం కంగారు పడలేదు. ప్రజల వైపు చూసి వేలు ఎత్తారు.

"ఒక్క నిమిషం. ఇంకా రెండు సందులున్నాయి."