వాగొడ్డు కొట్టం జరిపిన రాత్రి

"గడ్డ తెగుతాందిరో... కొట్టం పోతాందిరో... జల్ది రాండ్రి!"

పొద్దు గూకినంక గూడూరు వాగొడ్డు వాడల ఈ కేక ఇనవడ్డది. వాడ వాడంత ఉరికొచ్చింది. పారలు పట్టుకొని కొందరు, తాళ్లు పట్టుకొని కొందరు. వచ్చినోళ్లు వచ్చినట్టే సందు మొగదల్ల ఆగిపోయిన్రు. ఒక్కలు గూడ ముందటికి అడుగు పెట్టలే.

ఎందుకంటరా? ఆ కొట్టానికున్న పేరు గసోంటిది మరి.

నేను కండ్లార సూడలే, ముందే చెప్తాన. మాది నర్సింహులపేట. ఇది మా బామ్మర్ది నరేందర్ చెప్పిన ముచ్చట. వాని ఇల్లు ఆ కొట్టానికి రెండిండ్ల అవతలనే. మావోడు అబద్ధం ఆడడా అంటే ఆడుతడు — కాని ఈ ముచ్చట చెప్పుకుంట ముందల పెట్టిన చాయ ముట్టలే. చల్లారి మీద మీగడ కట్టింది. వాడు చాయ ఇడిసిపెట్టే రకం కాదు. గందుకే నేను నమ్మిన.

కొట్టమంటే పెద్దదేం కాదు. ఇనుప యాంగిలర్లు నిలవెట్టి, నాలుగు దిక్కుల రేకులు బిగించి, మీద రేకులు కప్పిన సామాన్ల కొట్టం. పది ఫీట్ల పొడుగు, ఎనిమిది ఫీట్ల ఎడల్పు. అండాలవ్వ ఇంటెనుక, వాగు ఒడ్డు మీద ఉంటది. అవ్వ పెనిమిటి కట్టయ్య తన చేతులతోని కట్టిండు. విత్తనం వడ్లు, మందు కొట్టే పంపు, పాత మోటరు... అన్ని అండ్లనే.

పోయిన వానకాలం ఒక రాత్రి కట్టయ్య ఆ కొట్టంలనే పానం ఇడిసిండు. గుండె ఆగిందన్నరు. ఇంట్లోళ్లకు తెల్లారినంకనే తెలిసింది.

అగో, అప్పటిసంది మొదలైంది.

రాత్రి తొమ్మిది దాటితే గొళ్లెం సప్పుడు. రేకుల బొక్కలల్లకెళ్లి సన్నటి ఎలుగు... జరసేపు ఉంటది... ఆరిపోతది. పాలు పోసే చిరంజీవి ఒకపారి బండి ఆపి సూసిండట. లోపల నీడ కదిలింది. "ఎవలు?" అన్నడు మెల్లగ. ఎలుగు పుటుక్కున ఆరింది. చిరంజీవి పాల క్యాను ఆన్నే ఇడిసి ఉరికిండు. మూడొద్దులు జరంతోని పండిండు.

ఇగ ఆ సందుల పొద్దుగూకితే కుక్క గూడ పోదు.

మరి ఇంట్లోళ్లు ఏమంటరు? ఏమనరు. అండాలవ్వను తిన్నవా అంటే "ఊ" అంటది. పండుకున్నవా అంటే "ఊ". మీ కొట్టంల దెయ్యమున్నదట గదనే అంటే గూడ — "ఊ". పదకొండు నెలల సంది ఆమె మొకంల ఏడుపు లేదు, నవ్వు లేదు. కోడలు అమూల్య అన్నం పెడితే కంచం మూలకు తీసుకపోయి రెండు ముద్దలు తింటది. మిగిలింది కోళ్లకు. నలుగురిల కూసోని తిన్నది లేదు.

కొడుకు హరీశ్ గూడ గంతే. మానుకోటల కరెంటు సామాన్ల దుకాణంల పని. పోతడు, స్విచ్చులు అమ్ముతడు, వస్తడు, పంటడు. నాయిన ముచ్చట ఎవలు తీసినా లేచి పోతడు.

ఆ దినం పైన చెరువు నిండి మత్తడి పొర్లి పడ్డది. వాగు ఎర్రగ, నిండుగ వస్తాంది. ఒడ్డును కోసుకుంట కోసుకుంట కొట్టం ఎనుక కాళ్లకు మూడు ఫీట్ల దూరంల ఉన్నది. రాత్రికి ఇంక వాన ఉన్నదని ఫోన్ల చూపెడుతాంది. జేసీబీ సందుల పట్టది. ఇప్పి తీద్దమంటే టైమ్ లేదు... పైంగ అండాలవ్వ గుంజ తీరు అడ్డం నిలవడ్డది.

"ఇప్పొద్దు. ఉన్నది ఉన్నట్టు జరుపుండ్రి."

పదకొండు నెలలల్ల ఆమె నోట్లకెళ్లి వచ్చిన పెద్ద మాట అదే.

హరీశ్ తండకు ఫోన్ కొట్టి ధన్‌సింగ్‌ను పిలిపిచ్చిండు. బావుల కాడ మోటరు కొట్టాలను ఇప్పకుండ జరుపుట్ల ధన్‌సింగ్‌కు మస్తు పేరున్నది. వచ్చిండు. సందు మొగదల్ల నిలవడ్డోళ్లను సూసిండు.

"ఏందే తమ్మీ, కొట్టం జరుపనీకె వచ్చిన్రా, బారాత్ సూడనీకె వచ్చిన్రా?"

"అన్నా... అండ్ల కట్టయ్య పెద్దనాయిన..." చిరంజీవి కొట్టం దిక్కు ఏలు సూపిండు.

"ఉంటె మంచిదే. ఆయన గూడ ఓ చెయ్యి ఏస్తడు. నడువుండ్రి."

ధన్‌సింగ్ పద్ధతి ధన్‌సింగ్‌ది. మొదలు లోపల ఖాళీ చేయాలె. బరువు మీద లేపితే కాళ్లు వంకర పోతయట. హరీశ్ లోపలికి పోయి ఒక్కొక్కటి అందిచ్చిండు. మిగిలినోళ్లు గడప బయటనే ఉండి, చేతులు మాత్రం లోపలికి సాపి అందుకున్నరు. సంచులు వచ్చినయి. పంపు వచ్చింది. మోటరు వచ్చింది. గుమ్మి మాత్రం రాలే. వడ్లు పోసుకునే వెదురు గుమ్మి, మనిషి ఛాతంత ఎత్తు. కట్టయ్య దాన్ని కొట్టం లోపలనే అల్లిపిచ్చిండు, తలుపుల పట్టది.

"ఖాళీదేనా?" ధన్‌సింగ్ అడిగిండు.

"ఖాళీదే అన్నా."

"ఉండనియ్యి. దానికేం బరువు."

బోరు పైపులు తేనీకె అందరు ఇంటి ముందలికి పోయిన్రు. ఓ పావుగంట కొట్టం కాడ ఎవలు లేరు.

మల్ల వచ్చి, ఊగితె రేకులు చినుగకుండ బయటికెళ్లి మూలకు మూల వెదురు బొంగులు కట్టిన్రు. తలుపు కొట్టుకోకుండ అడ్డం చెక్క పెట్టాలె.

"లోపల ఒకపారి సూడు," అన్నడు ధన్‌సింగ్.

హరీశ్ గడపల నిలవడి ఫోన్ లైటు కొట్టిండు. నాలుగు రేకులు. గుమ్మి. గంతే.

"ఏం లేదన్నా."

టక టక మొలలు దిగినయి. తలుపు బందయింది.

గడ్డపారతోని మూల మూల లేపి కింద రెండు పొడుగు మొద్దులు, మొద్దుల కింద అడ్డం పైపులు పెట్టిన్రు. ఇంటి దిక్కు ఎత్తు, వాగు దిక్కు పల్లం. అందుకే ఎత్తుమీద ఉన్న వేపచెట్టుకు తాడు ఒక సుట్టు తిప్పి, కొసను ఆరుగురి చేతుల పెట్టిండు ధన్‌సింగ్. ముందు హరీశ్, ఎనుక నరేందర్, ఆ ఎనుక చిరంజీవి, ఇంక ముగ్గురు.

"నేను చెప్పెదాక తాడు ఇడువొద్దు. పామచ్చినా ఇడువొద్దు. దెయ్యమచ్చినా ఇడువొద్దు. ఇడిస్తె కొట్టం ఎనుకకు దొర్లి సక్కగ వాగులకే."

గప్పుడే కరెంటు పోయింది.

వాగు హోరు తప్ప ఏం లేదు... ధన్‌సింగ్ నోట్ల పట్టుకున్న లైటు ఒక్కటే ఎలుగు.

గుంజిన్రు. పైపులు గిర్రుమన్నయి. ఒక ఫీటు... రెండు ఫీట్లు... ఎనుకకెళ్లి వచ్చిన పైపు తీసి ముందట ఏసుడు, మల్ల గుంజుడు. ఎనిమిది ఫీట్లు వచ్చింది.

"ధన్‌సింగన్నా," నరేందర్ గుసగుసగ అడిగిండు, "ఖాళీ కొట్టం గింత బరువుంటదా?"

"తడి నేల. గుంజు."

గుంజిన్రు...

లోపలికెళ్లి — టక్.

అందరు ఆగిన్రు. చేతులు తాడు మీద, కండ్లు తలుపు మీద.

టక్... టక్.

తలుపు పక్క రేకు మీద. నింపాదిగ. ఎవరో ఏలు మడిచి కొట్టినట్టు.

"ఓ పెద్దనాయినా!" చిరంజీవి మొత్తుకున్నడు. "నాకేం తెల్వదు, నీ కొడుకే జరిపిస్తాండు!"

తాడు ఇడిసిండు. వాని ఎనుక ముగ్గురు ఇడిసిన్రు. చెప్పులు ఆన్నే, మనుషులు సందు బయట. నరేందర్ గూడ ఉరికిండు. "ఉరికిన బావా, నీకేం దాచుడు," అన్నడు నాతోని.

కొట్టం కదిలింది. పల్లానికి. పైపులు గడగడ మన్నయి. తాడు చెట్టు మీద రాసుకుంట జారుతాంది... బెరడు లేస్తాంది... హరీశ్ ఒక్కడు వేలాడుతాండు. మడిమలు మట్టిల దిగవడి గాడి పడ్డది. ధన్‌సింగ్ ఉరికొచ్చి తాడు మీద పడ్డడు.

"ఇడువకుండ్రి! ఇడువకుండ్రిరా!"

ఆ కేకకు నరేందర్ ఎనుకకు మర్లిండు. ఎందుకు మర్లిండో వానికే తెల్వది. ముగ్గురు పట్టేసరికి తాడు చెట్టుకు బిగిసింది. కొట్టం ఆగింది. వాగు ఎంత దూరమంటే... నిలువు మనిషి పండితె కాళ్లు నీళ్లల్ల పడేంత.

ఆ లొల్లి ఇని ఇంట్లకెళ్లి అమూల్య వచ్చింది. చేతుల ఫోను ఉన్నది.

"ఏమయ్యా... అత్తమ్మ మీ కాడున్నదా?"

"పక్కింట్ల పోశమ్మ కాడ ఉన్నదంటివి గద?" అన్నడు హరీశ్.

"పోశమ్మత్త మనింట్ల ఉన్నదనుకున్నదట."

హరీశ్ మెల్లగ తల తిప్పి కొట్టం దిక్కు సూసిండు. మొలలు కొట్టిన తలుపు. పైపులు తేనీకె పోయిన పావుగంట.

"పిలువుండ్రి వాళ్లను," అన్నడు.

అమూల్య సందు మొగకు ఉరికి చెప్పింది. ఉరికినోళ్లు ఉరికినట్టే తిరిగొచ్చిన్రు. ఎవలు ఎవల మొకం సూడలే. తాడు అందుకున్నరు. ఈపారి కేకలు లేవు, ముచ్చట్లు లేవు. ఊపిరి సప్పుడు, పైపుల సప్పుడు. పది ఫీట్లు... పదిహేను... ఎనుకల ఒడ్డు దబ్బుమని ఇరిగి వాగుల పడ్డది. కొట్టం నిలవడ్డ జాగే లేదు. ఎవలు తిరిగి సూడలే.

ఇంటి పక్కకు తెచ్చి పైపులకు రాళ్లు అడ్డం ఏసిన్రు. ధన్‌సింగ్ గడ్డపార పెట్టి చెక్క పెకిలిచ్చిండు. తలుపు తెరిసిన్రు.

లోపల ఎవలు లేరు.

తలుపు పక్కకు లేరు. మూలలల్ల లేరు. చిరంజీవి మల్ల ఎనుక అడుగు ఏసిండు. హరీశ్ మాత్రం సక్కగ గుమ్మి కాడికి పోయి, అంచు పట్టుకొని, లోపలికి లైటు కొట్టిండు.

అండాలవ్వ అండ్ల ఉన్నది. మోకాళ్లు దగ్గరికి ముడుసుకొని. కండ్లు తెరిసే ఉన్నయి. కదుల్తలేవు.

"అవ్వా..."

లేదు.

"అవ్వా!"

"ఊ," అన్నది.

హరీశ్ గుమ్మి అంచు మీద తల పెట్టిండు.

ఎత్తి బయటికి తెచ్చిన్రు. ఆమె కొంగుల చిన్న టార్చిలైటు ముడేసి ఉన్నది. దాన్ని సూసి చిరంజీవి నోరు తెరిసిండు.

"అవ్వా... అయితె రోజు రాత్రి గా ఎలుగు...?"

"నేనే."

"నాకు జరమొచ్చి సచ్చినంత పనైంది గదనే! ఒక్క మాటన్న అనకపోతివి?"

"నువ్వు అడగలే. ఉరికినవు."

"వానికి దెయ్యంతోని రాలే జరం," అన్నది పక్కింటి పోశమ్మ. "పాలల్ల కలిపే నీళ్లు తాగితె వచ్చింది." ఒకలిద్దరు నవ్వబోయిన్రు. రాలే.

అందరిని వరండాల కూసోబెట్టిన్రు. పని చేసినోళ్లకు అన్నం పెట్టాలె గద, అమూల్య ఇంట్ల, పోశమ్మ వాళ్లింట్ల ముందే వండి ఉంచిన్రు. అన్నం, పప్పుచారు, ఎల్లిపాయ కారం. ఆకులు ఏసిన్రు గాని ఎవలు చెయ్యి పెడుతలేరు. అరచేతులు తాడుకు ఒలిచిపోయినయి. మండుతలేవు. ఏం తెలుస్తలేదు.

నరేందరే మొదలు మాట్లాడిండు.

"పెద్దమ్మా... కొట్టి మంచి పని చేసినవు. సప్పుడు కాకపోతె అమూల్య బయటికి రాకపోవు. లోపల నువ్వున్నవని మాకెట్ల తెలుస్తుండె?"

అండాలవ్వ వాని దిక్కు సూసింది.

"నేనేడ కొట్టిన బిడ్డా?"

"...మూడు పార్లు కొట్టినవు గద. రేకు మీద."

"గుమ్మిల కూసున్న. రేకు నాకేడ అందుతది?"

ధన్‌సింగ్ దగ్గిండు. "బొంగు సడలి తాకి ఉంటది," అన్నడు. బొంగులు కట్టింది ఆయననే. కట్టు ఎంత బిగువుగ పడ్డదో ఆయనకే ఎరుక. తల వంచుకున్నడు.

"ఎందుకు పోయినవే అవ్వా అండ్లకు?" హరీశ్ అడిగిండు.

వాన మొదలైంది.

"కొట్టం ఒడ్డుకు వస్తె వస్త... పోతె పోత, అనుకున్న," అన్నది. "మీ బాపు పోయిన రాత్రి గూడ వాననే. నేను టీవీ పెట్టుకొని కూసున్న. తెల్లారి సూస్తె ఆయన చెయ్యి తలుపు పక్క రేకు మీదనే ఉండె. ముడుసుకొని ఉండె ఏళ్లు. ఎన్ని పార్లు కొట్టిండో... ఎంతసేపు కొట్టిండో... నేను ఇనలే."

హరీశ్ కొట్టం దిక్కు సూసిండు.

"రోజు పోయి కూసుంటి. ఒక్కపారి కొట్టయ్యా, ఈపారి ఇంట, అని. ఊరందరికి కనవడ్డడట. నాకు మాత్రం పదకొండు నెలలల్ల ఒక్క సప్పుడు చేయలే."

ఆమె గొంతుల ఏడుపు లేదు. బజారు ముచ్చట చెప్పినట్టే చెప్పింది.

"ఇయ్యాల ఇన్న. నన్ను ఎంబడి రానియ్యలే... మిమ్ముల పిలిసిండు."

ఇంటి పక్కకు వచ్చిన కొట్టం మీద వాన పడుతాంది. రేకులు మోగుతున్నయి. అందరు తలుపు దిక్కే ఇంటాన్రు... ఇంకో సప్పుడు వస్తదేమో అని. వాన తప్ప ఏం రాలే.

అండాలవ్వ లేచి, మూలకున్న తన కంచం పక్కకు జరిపి, హరీశ్‌కు ధన్‌సింగ్‌కు నడుమ వచ్చి కూసున్నది.

"అమూల్యా, నాకు గూడ ఈన్నే ఆకు వెయ్యి బిడ్డా. ఆకలైతాంది."

అమూల్య ఆకు ఏసి వడ్డిచ్చింది. పోశమ్మను గూడ గుంజి కూసోబెట్టింది, తను గూడ కూసున్నది. చిరంజీవి పప్పుచారు గిన్నె అటు జరిపిండు. మొదటి ముద్ద అండాలవ్వనే తిన్నది. ఎల్లిపాయ కారం తగిలి హరీశ్ ఒలిచిపోయిన చెయ్యి సుర్రుమన్నది. వాడు "అబ్బా" అన్నడు, అని ఏడ్సిండు. పదకొండు నెలలల్ల మొదటిపారి.

"తిను," అన్నది తల్లి. "చల్లారుతాంది."

అందరు తిన్నరు.