ఆకు షెడ్డు దగ్గర పిలుపు

ఆ కొండ ఊళ్ళో ఎవరినైనా అడగండి, పాత టీ ఆకు షెడ్డు పేరెత్తితే మాట మార్చేస్తారు. గట్టిగా అడిగితే మొహం మీదే తలుపేస్తారు. అసలు ఆ ఊరివాళ్ళకి షికారుకొచ్చే మనలాంటి వాళ్ళని చూస్తేనే ఒళ్ళుమంట. డబ్బులు తీసుకుంటారు, నవ్వు మాత్రం ఇవ్వరు. అలాంటి ఊరికి మా బాబాయి పిన్నిని తీసుకుని షికారుకి వెళ్ళాడు. ఆయన చెప్పిందే చెప్తున్నాను... చివర్లో కాస్త నాది.

ముందు మా పిన్ని సంగతి చెప్పాలి. ఇంట్లో ఎవరు పిలిచినా ఆవిడ జవాబు ఒక్కటే — "వస్తున్నా... కొంపలేమైనా అంటుకుపోయాయా?" మొగుడికీ అదే, నాకూ అదే, ఆఖరికి గుమ్మంలో పోస్ట్‌మ్యాన్‌కీ అదే. అలా కసురుకుంటూనే వచ్చి అడిగింది చేసిపెట్టేది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఆ కసురు వింటే చాలు, నాకు కడుపు నిండిపోయేది.

కొండెక్కగానే చలికి పిన్ని గొంతు పూర్తిగా పోయింది. గుసగుస కూడా రాలేదు. "ఇన్నాళ్ళకి నా చెవులకి సెలవు దొరికింది," అని బాబాయి ఒకటే నవ్వాట్ట. పిన్ని చేత్తోనే తిట్టింది.

వాళ్ళు దిగిన లాడ్జి నడిపే ఆవిడ ఒకప్పుడు టీ తోటలో ఆకు కోసిన మనిషి. ఆకు బుట్టని వీపుకి వేసుకుని, దాని పట్టీ నుదుటికి తగిలించుకుంటారక్కడ. ఏళ్ళ తరబడి మోసి మోసి ఆవిడ నుదుటి మీద అడ్డంగా ఒక గీత పడిపోయింది.

"చీకటి పడితే ఆ షెడ్డు దారిన రాకండి. వచ్చినా నోరు మూసుకుని రండి," అందిట.

"నోరు మూసుకోవడమేంటి? మర్యాదగా మాట్లాడు," అన్నాడు బాబాయి.

"మర్యాదగానే చెప్తున్నా. ఎవరైనా పిలిస్తే పలక్కండి."

బాబాయికి ఎవరైనా వద్దంటే అదే చెయ్యాలి. సాయంత్రం తోటలు చూసి కావాలనే ఆ దారిన బయల్దేరాడు. మలుపు దగ్గర పిన్ని చెప్పు తెగింది. నువ్వు నడుస్తూ ఉండు, నేనొస్తా అని చేత్తో సైగ చేసి రాయి మీద కూర్చుంది. ఈయన నాలుగడుగులు వేశాడో లేదో... మంచు దిగిపోయింది. వెనక్కి చూస్తే రాయీ లేదు, పిన్నీ లేదు.

ఎదురుగా షెడ్డు. తలుపుల్లేవు. లోపల ఆకు తూచే ఇనప కొక్కెం ఒకటి వేలాడుతోంది... గాలి లేదు, అయినా ఊగుతోంది.

లోపల్నించి మగ గొంతు — "అందరూ వచ్చారా?"

కాపలావాడనుకున్నాడు బాబాయి. "ఆఁ, వచ్చాం!"

"ఆవిడో?"

"వచ్చింది. గొంతు పోయిందిలే, ఆవిడ బదులు నేనే చెప్తున్నా!"

కొక్కెం ఆగిపోయింది.

అంతే. మళ్ళీ చప్పుడు లేదు. టార్చి వేసి చూస్తే లోపల మనిషే లేడు. అప్పుడు పుట్టింది భయం. వెనక్కి పరిగెత్తాడు. రాయి దగ్గర తెగిన చెప్పొక్కటే ఉంది. ఒక పక్క ఏటవాలు తోట, ఇంకో పక్క లోయ. పిలిస్తే పలకడానికి ఆవిడకి గొంతెక్కడుంది? అయినా పిచ్చివాడిలా అరిచాడు. దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టాడు. 

అప్పుడు వినిపించింది, లోయ వైపు నించి.

"వస్తున్నానండీ..."

అచ్చం పిన్ని గొంతే. మంచులోంచి మెల్లగా వచ్చింది. రెండు కాళ్ళకీ చెప్పుల్లేవు. నవ్వుతోంది. బాబాయి ఆవిడ చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గొంతెప్పుడొచ్చింది, అండీ అనడం ఎక్కడ నేర్చుకుంది — ఆ క్షణంలో ఇవన్నీ ఎవరికి గుర్తొస్తాయి?

లాడ్జి ఆవిడ గేటు తియ్యలేదు. పిన్ని వంక చూడనే లేదు.

"ఎవరి బదులైనా పలికారా?" అంది మెల్లగా.

"లేదు," అని అబద్ధమాడాడు బాబాయి.

"పని దిగేటప్పుడు అందరూ వచ్చారా అని మేస్త్రి హాజరు పిలుస్తాడు. ఎవరి నోటితో వాళ్ళే పలకాలి. అప్పుడే కొండ దిగాలి. ఒకసారి ఒకత్తి ఇంటికెళ్ళే తొందరలో, మంచులో తప్పిపోయినదాని బదులు కూడా పలికేసింది. అందరూ దిగిపోయారు... అది పైనే ఉండిపోయింది. ఎవరైనా అలా ఇంకొకరి బదులు పలికితే, ఆ ఇంకొకరి చోట్లో అది దిగొస్తుంది. మరి ఆ అసలు మనిషి..."

గేటు తీసి, "తెల్లారగానే నా కళ్ళబడకుండా పొండి," అంది.

ఇంటికొచ్చారు. పిన్నికి కోపం పోయింది. వంట చేస్తుంది, వడ్డిస్తుంది, పిలిస్తే "వస్తున్నానండీ" అంటుంది. నన్ను కూడా అండీ అనే పిలుస్తుంది! చుట్టాలందరూ కొండగాలి మహిమ అని నవ్వుకున్నారు. నాకు మాత్రం ఆవిడ పెట్టింది గొంతు దిగలేదు. ఒకరోజు ఆవిడ తల దువ్వుకుంటుంటే చూశాను. నుదుటి మీద అడ్డంగా... ఎర్రటి గీత.

బాబాయిని నిలదీస్తే ఇదంతా చెప్పాడు. "నాకు తెలుసే," అన్నాడు చివరికి. "బస్సు దిగినప్పుడే తెలిసింది. ఎవరితో చెప్పుకోను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మర్నాడే బస్సెక్కాను. లాడ్జి ఆవిడ నన్ను చూసి అడ్డం చెప్పలేదు. షెడ్డు వైపు చెయ్యి చూపించి లోపలికి పోయింది.

చీకటి పడింది. మంచు దిగింది. కొక్కెం ఊగింది.

"అందరూ వచ్చారా?"

పళ్ళు బిగించి ఊరుకున్నాను. లోయ వైపు తిరిగి, నాకున్న గొంతంతా పెట్టి ఒక్కసారి పిలిచాను — "పిన్నీ!"

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో కింద, చాలా కింద, ఆకుల్లో ఎవరో పడుతూ లేస్తూ ఎక్కుతున్న చప్పుడు. బొంగురుపోయిన గొంతు...

"వస్తున్నా... కొంపలేమైనా అంటుకుపోయాయా?"

తెల్లారేదాకా పిలుస్తూనే ఉన్నాను. పిలిచిన ప్రతిసారీ అదే కసురు. అదే దూరం నించి.