ఈ చేయి ఎవరిది?

“తుపాకీ పేలదు, విషం పెట్టరు. అయినా ఓర్మాన్‌బెక్ రేపు కోర్టుకు రాడట! ముఠా వైర్‌లెస్‌లో దొరికిన మాట ఇదీ,” అన్నాడు కల్నల్. “వాడికేమైనా అయితే నీ తోలు వలుస్తాను, షోకాన్!”

కజకిస్తాన్ నగరం అల్మాటీలో విదేశీ గూఢచారుల ముఠాను పట్టివ్వగల సాక్షి ఓర్మాన్‌బెక్ ఒక్కడే. ఎముక మజ్జ మార్పిడితో చావు తప్పించుకున్నాడు. కానీ ఆ తర్వాత వాడిన స్టెరాయిడ్లు వెన్నుపూసలను గుల్ల చేశాయి. ఎక్కడో ఒకరికి వచ్చే అవస్థ కూడా అతనికే వచ్చింది: వెన్ను లోపల కొవ్వు పేరుకుని నరాలను నొక్కేస్తోంది. కాళ్లు మొద్దుబారాయి. సాక్ష్యం కాగానే ఆపరేషన్.

ఏజెంట్ షోకాన్ అతని బావమరిది వేషంలో, కోటు కింద పిస్టల్‌తో ఆ ఫ్లాట్‌లో తిష్ఠ వేశాడు. ఓర్మాన్‌బెక్ భార్య కుల్యాన్ వేడి వేడి బావుర్సాక్ పిండి ఉండలు వేయించి పెడుతోంది.

బెల్ మోగింది.

“కొండ మీద మంచు కరిగిందా?” తలుపు అవతలి నుంచి ఆడగొంతు. కోడ్ సరిపోయింది. వచ్చింది మెరుయెర్త్, ఫిజియోథెరపిస్టు వేషంలో తిరిగే తమ సొంత ఏజెంటే. చూపు తిప్పుకోనివ్వని అందగత్తె. వెనక తెల్లగడ్డం ముసలాయన.

“బావగారి మూలుగు వినలేక నాటు ఎముకల వైద్యుడిని తెచ్చానక్కా.”

“నీ కడుపు చల్లగుండ, తల్లీ!” కుల్యాన్ కళ్లు తుడుచుకుంది.

ముసలాయన రోగిని బోర్లా తిప్పి మెడ మీద రెండు బొటనవేళ్లూ ఆనించాడు. షోకాన్ నమలడం ఆపేశాడు. ఈ దేశంలో ఏ ఎముకల వైద్యుడైనా ముందుగా “ఈ చేయి నాది కాదు, ఉమాయ్ తల్లిది” అని దేవతను తలుచుకుంటాడు. అనకుండా వేలు కూడా మోపడు.

“తాతా, ఈ చేయి ఎవరిది?”

“నాదే! ఇంకెవరిది?”

ఓరి దుర్మార్గుడా! గట్టిగా ఒక్క నొక్కు నొక్కితే చాలు, గుల్లబారిన మెడ పటుక్కుమంటుంది. జబ్బే చంపిందని డాక్టర్లు రాసేస్తారు!

షోకాన్ లేచేలోగా మెరుయెర్త్ సైలెన్సర్ పిస్టల్ దగ్గింది. ఈమె ముఠాకు అమ్ముడుపోయిందన్నమాట! తూటా షోకాన్ చెవి చీల్చుకుపోయింది. అతను టీ మరుగుతున్న సమావర్‌ను ఆమె ముఖాన విసిరికొట్టాడు. ఆమె కేక పెట్టి కూలిపోయింది. ముసలాయన మోకాలెత్తి వెన్ను మీదికి దూకబోయాడు. షోకాన్ కాల్చాడు. దవడ పగిలి రక్తం గోడంతా చిమ్మింది.

కానీ ఆ భారీ శవం ఓర్మాన్‌బెక్ వీపు మీదికే ఒరుగుతోంది!

షోకాన్ ఎగిరి మధ్యలో భుజం అడ్డుపెట్టాడు. భుజం ఫట్‌మంది. శవం అవతల పడింది.

“నేనున్నానా, పోయానా?” అని గొణిగాడు ఓర్మాన్‌బెక్.

మర్నాడు స్ట్రెచర్ మీద బోర్లా పడుకునే అందరి పేర్లూ చెప్పాడు. ముఠా మొత్తానికీ సంకెళ్లు పడ్డాయి. సర్జన్లు వెన్నులోని కొవ్వు తీసేశాక అతని కాలి బొటనవేలు కదిలింది. కుల్యాన్ ఆ సంతోషం పట్టలేక షోకాన్ వార్డుకు పరుగెత్తుకొచ్చింది. కట్టు కట్టిన భుజం చూసి నోరు నొక్కుకుంది.

“అయ్యో తమ్ముడూ! ఈ డాక్టర్లకేం తెలుసు? మా వీధిలో అసలు సిసలు ఎముకల వైద్యుడున్నాడు, వెంటబెట్టుకు రానా?”

ముఠా తూటాలకు బెదరని షోకాన్ మంచానికి అవతలి వైపు నుంచి దిగి పరుగు లంకించుకున్నాడు.