పది నిమిషాలు ముందున్న గడియారం

ఏప్రిల్ 9, 2008. ఉదయం 11.48.

ఎండాడ దగ్గర వాలులో రోడ్డు పక్కన ఒక ముసలమ్మ శవం. మీద తాటాకు కప్పారు. ఆ తాటాకు ఆమెదే. రోజూ ఆనందపురం నుంచి మొదటి బస్సులో ముంజెలు తెచ్చి, ఆ తాటాకు నీడలో కూర్చుని అమ్ముకునేది. పేరు జోగమ్మ.

ముంజెలు రోడ్డంతా దొర్లాయి. చొక్కా ఇస్త్రీ నలగని ఒక పెద్దమనిషి వాటిలో నెత్తురంటనివి ఏరుకుని రుమాల్లో మూట కడుతున్నాడు. జీపు దిగుతూనే సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గురువులు చూసిన మొదటి దృశ్యం అది.

థూ అని ఉమ్మేశాడు. పెద్దమనిషి రుమాలు అక్కడే వదిలేసి జనంలో కలిసిపోయాడు.

గుద్దింది తెల్ల కారు. గరిమ మోడల్. టాక్సీ నంబర్ ప్లేటు. కొని మూడు నెలలు కూడా కాలేదు. డ్రైవర్ పారిపోలేదు. బండి చక్రం పక్కనే నేలమీద కూలబడి ఉన్నాడు. జనం అప్పటికే నాలుగు తగిలించినట్టున్నారు, పెదవి చిట్లింది. పేరు నూకాలు.

"తాగినావా?"

"నేదు బాబూ. నాను మందు ముట్టను."

"ఎంత స్పీడు?"

"నలభై."

"మరి ఆపనేదేటి?"

"బ్రేకు తొక్కినాను బాబూ. నేల దాకా దిగిపోయింది. ఆయిల్ తగ్గితే ఎర్రలైటు ఎలగాల కదా. ఎలగనేదు."

గురువులు కారులోకి వంగి చూశాడు. తాళం ఆన్‌లోనే ఉంది. ఈ మోడల్‌లో మీటరు ముళ్లు ఉండవు, డ్యాష్‌బోర్డంతా ఒకటే స్క్రీన్. స్పీడు సున్నా. బ్రేక్ ఆయిల్ దీపం వెలగడం లేదు. బానెట్ ఎత్తించి చూస్తే ఆయిల్ సీసాలో చుక్క లేదు. కింద పైపు ఒరుసుకుపోయి చిల్లు పడింది.

మళ్లీ స్క్రీన్ చూశాడు. గడియారం 11.58. తన చేతి వాచీ 11.48.

స్క్రీన్ కింద పసుపు ముద్ద, దానిమీద కుంకుమ బొట్టు. ఎండి బిగుసుకుపోయింది. పెట్టినప్పుడు కాస్త కారిందేమో, కిందికి సన్నని తోక ఉంది.

"బొట్టెట్టుకున్నా దేవుడు కాపాడనేదు సార్," అన్నాడు కానిస్టేబుల్ దాలయ్య. "గుద్దుడికి గడియారం కూడా సెడిపోయినట్టుంది."

గురువులు వాచీ ఇంకోసారి చూసుకున్నాడు. రెండు టైములూ పుస్తకంలో రాసుకున్నాడు. తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు ఉదయం వెహికల్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. స్టేషన్ ఆవరణలో ఉన్న కారుకి తాళం పెట్టి తిప్పాడు. ఎర్రదీపం ఠక్కున వెలిగింది. ఐదు నిమిషాల్లో రిపోర్టు తయారు. దీపం సక్రమంగా పనిచేస్తోంది. డ్రైవర్ హెచ్చరిక లెక్కచెయ్యకుండా నడిపాడు. ఇక చార్జిషీటు వెయ్యడమే తరువాయి. నూకాలుకి జైలు, ఆ తర్వాత జన్మలో స్టీరింగ్ పట్టుకునే యోగం ఉండదు.

ఆ మధ్యాహ్నమే ఆటోనగర్‌లోని గరిమ కార్ల డీలరు శ్రీరామ్మూర్తి మోటార్స్ నుంచి సర్వీస్ మేనేజర్ సాయిశంకర్ ఫైలు పట్టుకుని వచ్చాడు. పిలవకుండానే వచ్చాడు. మార్చి ఆఖర్లో గరిమ కార్లకు ఉచిత పరిశీలన శిబిరం పెట్టారట. మార్చి 29న నూకాలు బండి డ్యాష్‌బోర్డుకి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారట. ఫైలులో టిక్కు ఉంది, అద్దం మీద ఆకుపచ్చ స్టిక్కర్ ఉంది.

"మా వైపు నుంచి హండ్రెడ్ పర్సెంట్ క్లియర్ సార్. లైటు వెలిగినా ఈ డ్రైవర్లు పట్టించుకోరండి. వీళ్లింతే."

చెబుతూ చెబుతూ ఒక కాజాల పెట్టె టేబుల్ మీద పెట్టాడు. గురువులు దాన్ని పెన్నుతో టేబుల్ అంచు దాకా నెట్టాడు. ఆ తర్వాత ఆ పెన్ను కూడా తుడుచుకున్నాడు.

అందరికీ అంతా తేటతెల్లం. గురువులుకి మాత్రం గొంతులో ముల్లు. సీసాలో చుక్క ఆయిల్ లేనప్పుడు ఆ దీపం వెలగకపోవడం తన కళ్లతో చూశాడు. తాను తాళం తీశాడు. ఇంకొకడు మళ్లీ తిప్పేసరికి వెలిగింది. మధ్యలో ఏం జరిగింది?

నూకాలు భార్య కాశమ్మ రెండురోజులుగా స్టేషన్ మెట్ల దగ్గరే ఉంది. మొగుడి అలవాట్లేమిటని అడిగాడు. తాగడు. బీడీ లేదు. స్టీల్ ప్లాంట్ ఆఫీసర్లని షిఫ్టులకి తిప్పుతాడు. ఒక్కటే గొడవ.

"పొద్దున్న ఎక్కితే మరి తాళం తియ్యడు బాబూ. ఆఫీసర్లు ఎక్కీసరికి బండి సల్లగుండాలని ఏసీ ఏసే ఉంచుతాడు. ఈ షిఫ్టు డ్రైవర్లందరూ అంతే."

ఆ రోజు ఎనిమిదిన్నరకి కూర్మన్నపాలెంలో తాళం తిప్పాడు. పదకొండూ ఇరవైకి గుద్దాడు. నడుమ ఒక్కసారి కూడా ఇంజన్ ఆపలేదు.

"ఇంకో మాట. ఆ బండి గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందుంటాదా?"

కాశమ్మ తలూపింది. కొన్నరోజున సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించారట. షిఫ్టుకి నాన్న లేటవకూడదని కూతురు కీర్తన గడియారం ముందుకి తిప్పి, ఆ మీదట తన చేత్తోనే బొట్టు పెట్టిందట. కొంగుముడి విప్పి ఒక ఫొటో బయటికి తీసింది. స్టూడియోవాడు తీసిన ఫొటో. మూలన ఎర్ర అంకెల్లో తేదీ. 2008 జనవరి 23.

గురువులు ఆ ఫొటో పట్టుకుని ఆటోనగర్‌లో సొంత షెడ్డు పెట్టుకున్న ఆటో ఎలక్ట్రీషియన్ సందీప్ దగ్గరికి వెళ్లాడు. గంట తర్వాత బయటికొచ్చాడు. ఆ సాయంత్రమే కార్ల కంపెనీకి ఫ్యాక్స్ పంపాడు. జవాబు రావడానికి ఐదు రోజులు పట్టింది. చదివాడు. ఇంకోసారి చదివాడు.

ఏప్రిల్ 17. ఉదయం 10.00.

శ్రీరామ్మూర్తి మోటార్స్. గాజు గోడలు, ఏసీ. రిసెప్షన్ బల్ల మీద పూలదండ వేసిన వెండిరంగు షీల్డు. శిబిరం నూటికి నూరు శాతం పూర్తి చేసినందుకు రాష్ట్రంలోనే ప్రథమ బహుమతి. యజమాని శ్రీరామ్మూర్తి దాని పక్కనే నిలబడ్డాడు. నుదుట నిలువు బొట్టు, నోట్లో తేనె. పక్కన సాయిశంకర్. ఎదురుగా నూకాలు, వెనక దాలయ్య, చేతిలో సిరంజితో సందీప్.

వర్క్‌షాప్‌లో రెండు గరిమ కార్లు. ఒకటి నూకాలుది, పైపు చిల్లు పూడ్చి ఆయిల్ పోయించి తెచ్చారు. రెండోది శ్రీరామ్మూర్తి ఇంటి కారు. పోల్చి చూడ్డానికి ఇంకో బండి కావాలని గురువులు అడిగితే, పోర్టికోలో ఉన్నదాన్నే ఇవ్వక తప్పలేదు.

రెండు ఇంజన్లూ ఆన్ చేశారు. సందీప్ సిరంజితో రెండు సీసాల్లోంచీ బ్రేక్ ఆయిల్ లాగేశాడు. రెండింట్లోనూ ఎర్రదీపం వెలిగింది.

"చూశారా," అన్నాడు శ్రీరామ్మూర్తి.

"సూసినాను. కూకోండి."

ఆయిల్ మళ్లీ పోయించాడు. దీపాలు ఆరాయి. ఇంజన్లు నడుస్తూనే ఉన్నాయి. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. శ్రీరామ్మూర్తి తన దానధర్మాల గురించి చెప్పాడు. అన్నదానం, చలివేంద్రం, కళ్ల శిబిరం. గురువులు వాచీ చూసుకుంటూ విన్నాడు. వినడమేమిటి, భరించాడు. టీలు వచ్చాయి, చల్లారిపోయాయి. సాయిశంకర్ రెండుసార్లు బాత్రూమ్‌కి వెళ్లాడు. రెండోసారి దాలయ్య తోడు వెళ్లాడు.

12.05.

"ఇప్పుడు లాగు," అన్నాడు గురువులు.

సందీప్ నూకాలు కారు సీసా ఖాళీ చేశాడు. స్క్రీన్ మీద స్పీడు ఉంది, గడియారం ఉంది. ఎర్రదీపం మాత్రం వెలగలేదు. నూకాలు స్క్రీన్ వైపు వేలు చూపించాడు. ఎనిమిది రోజులుగా అతను చెబుతున్నది ఆ ఒక్క మాటే.

గురువులు జేబులోంచి ఫ్యాక్స్ తీశాడు. డ్యాష్‌బోర్డు సాఫ్ట్‌వేర్‌లో తప్పుంది. తాళం తియ్యకుండా రెండు గంటలు దాటితే హెచ్చరిక దీపాలు పనిచెయ్యవు. తాళం తీసి మళ్లీ తిప్పితే మామూలే. బళ్లన్నీ వెనక్కి పిలిపించి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలని జనవరి ఆఖర్లోనే డీలర్లకి ఉత్తరం. కస్టమర్లకి మాత్రం తప్పు అనే మాట చెప్పొద్దు, ఉచిత పరిశీలన శిబిరం అని చెప్పండని అడుగున ఒక లైను. ఆ లైను చదువుతున్నప్పుడు గురువులు మూతి వంకరపోయింది.

శ్రీరామ్మూర్తి వెంటనే అందుకున్నాడు. "అయితే తప్పు కంపెనీదేనండి. వాళ్లిచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ కూడా పనిచెయ్యలేదన్నమాట. మేం ఎక్కించాం. మేమేం చెయ్యగలం?"

"ఎక్కించినారా? ఎక్కిస్తే గడియారం ఏటవుతాది సాయిశంకర్?"

సందీప్ జవాబిచ్చాడు. "పన్నెండుకి పోద్ది సార్. మళ్లీ సరిసెయ్యాల."

"గుద్దిన రోజున ఈ గడియారం సరిగ్గా పది నిమిషాలు ముందుంది. ఇయ్యాల కూడా అంతే. జనవరిలో ఈడి కూతురు తిప్పినట్టే ఉంది."

"మళ్లీ ఈ డ్రైవరే పది నిమిషాలు ముందుకి పెట్టుకుని ఉంటాడండి," అన్నాడు సాయిశంకర్. తెలివైనవాడే. ఆ తెలివి మంచిపనికి వాడి ఉంటే ఒక ముసలమ్మ ఈపాటికి ముంజెలు అమ్ముకుంటూ ఉండేది.

"ఎలాగెడతాడు?"

"కింద చిన్న కన్నం ఉంటుంది సార్. గుండుసూదితో నొక్కితే..."

అక్కడితో ఆగిపోయాడు.

గురువులు అందర్నీ నూకాలు కారు దగ్గరికి పిలిచాడు. స్క్రీన్ కింద పసుపు ముద్ద, కుంకుమ, కిందికి కారిన తోక. పక్కన ఫొటో పెట్టాడు. జనవరి 23. అదే ముద్ద, అదే తోక. సందీప్ బ్లేడుతో పసుపు అంచు మెల్లగా లేపాడు. కింద కన్నం. ముద్దలో ఎక్కడా సూది దిగిన గుర్తు లేదు.

"మనోళ్లు పూజసేసిన బండి మీద బొట్టు సెరపరు. అదే ఊడాల తప్ప. జనవరి ఇరవై మూడు తర్వాత ఈ గడియారాన్ని ఎవడూ ముట్టనేదు. అంటే పన్నెండుకి పోనేదు. అంటే మీరు సాఫ్ట్‌వేర్ ఎక్కించనేదు. బండి కడిగి, స్టిక్కరంటించి, టిక్కు ఎట్టి పంపించీసినారు."

శ్రీరామ్మూర్తి ముఖం చిట్లించి, మేనేజర్ వైపు తిరిగాడు. నమ్మినవాళ్లే ముంచుతారని, ఇదంతా తనకు తెలియకుండా జరిగిందని, సాయిశంకర్‌ని ఇప్పుడే తీసేస్తున్నానని చెప్పాడు. ఇరవయ్యేళ్లుగా తన ఉప్పు తిన్న మనిషిని ఆ పెద్దాయన అరనిమిషంలో వదిలించుకున్నాడు.

గురువులు అతన్ని కంపరంగా చూశాడు.

"సందీప్. రెండో బండి."

సందీప్ శ్రీరామ్మూర్తి ఇంటి కారు సీసా ఖాళీ చేశాడు. టైము 12.31. ఇంజన్ ఆన్ చేసి రెండున్నర గంటలు.

ఎర్రదీపం వెలిగింది.

ఆ కారు స్క్రీన్ కింద కూడా పూజ బొట్టు ఉంది. పసుపు ముద్ద నడిమధ్య, గుండుసూది గుచ్చిన సన్నని కన్నం.

"నిన్న సాయంత్రం మీ పోర్టికోలో ఇది సూసినాను. గడియారం సెకనుతో సహా కరెక్టు. నలభై ఏడు బళ్లమ్మినారు. అందులో ఒక్కటే బాగుసేసినారు. మీ ఇంటి ఆడోళ్లు తిరిగే బండి. తెలీకుండానే సేసినారా?"

శ్రీరామ్మూర్తి కుర్చీ వెతుక్కున్నాడు.

సాయిశంకర్ కక్కేశాడు. ఒక్కో బండికి గంట పడుతుంది. మార్చి 31 లోగా అన్నీ పూర్తిచేసినవాళ్లకే షీల్డు, సింగపూర్ ట్రిప్పు. శిబిరం పెట్టిందే చివరి మూడు రోజులు. ముందు మా ఇంటి బండి చెయ్యి, మిగతావాటికి టిక్కులు పెట్టెయ్యి అన్నది శ్రీరామ్మూర్తే. రెండు గంటలు ఆపకుండా ఎవడు నడుపుతాడులే అనుకున్నారట. షిఫ్టు డ్రైవర్లు వాళ్ల లెక్కలో మనుషులే కారు.

దాలయ్య షీల్డుకున్న పూలదండ తీసేసి, షీల్డుని పాత పేపర్లో చుట్టాడు. సాక్ష్యం. దాని మీద ఒంటిగంట టైము వేశాడు.

"ఇంకా నలభై ఐదు బళ్లు రోడ్డు మీదున్నాయి," అన్నాడు గురువులు. లిస్టు, రిసెప్షన్ ఫోను తెచ్చి శ్రీరామ్మూర్తి ముందు పెట్టించాడు. "మీరే సెయ్యండి."

శ్రీరామ్మూర్తి మొదటి నంబరు నొక్కాడు. గొంతు సవరించుకున్నాడు. ఉచిత పరిశీలన శిబిరం మరోసారి అని మొదలుపెట్టాడు. గురువులు వేలితో ఫోను కట్ చేశాడు.

"ఆ మాట కాదు. మీ బండిలో బ్రేకు దీపం ఎలగదు, ఇప్పుడే ఆపండి. ఈ ముక్క సెప్పండి సాలు."

రెండోసారి ఆ ముక్కే చెప్పాడు. మూడో నంబరు, నాలుగో నంబరు. కొందరు ఎందుకని అడిగారు. కొందరు తిట్టారు. ఒక్కో పేరూ పైకి చదవాలి, నంబరు నొక్కాలి, అదే మాట చెప్పాలి. ముప్పయ్యో నంబరు దాటేసరికి గొంతు బొంగురుపోయింది. ముప్పై ఒకటో పేరు దగ్గర వేలు ఆగింది.

"సదవండి," అన్నాడు గురువులు.

"...నూకాలు."

పేరు పక్కన ఆకుపచ్చ సిరాతో టిక్కు ఉంది.

"ఫోనక్కర్లేదు. ఎదురుగానే ఉన్నాడు. ఆడికీ సెప్పండి."

శ్రీరామ్మూర్తి తల ఎత్తలేదు. బల్లకేసి చూస్తూ గొణిగాడు.

"నీ బండిలో బ్రేకు దీపం వెలగదు. ఆపు."

నూకాలు చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. ఎవరినీ ఏమీ అనడం చేతకాని మనిషి.

"ఆపినాను బాబూ," అన్నాడు. "జోగమ్మ మీద ఆపినాను."